యూరిన్ ఇన్ఫెక్షన్ తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది, ఏం చేయాలి?

చీరల కౌంటర్ (విజయవాడ)

అందరికీ నమస్తే అండి. ఇది రాయడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది, కానీ ఇంట్లో అడిగితే ఒకటే జవాబు, బయట అడగడానికి మనుషులు లేరు. నాకు 31. బట్టల షాపులో సేల్స్‌లో చేస్తాను, పొద్దున పదింటికి వెళ్తే రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది ఇంటికొచ్చేసరికి.

సంక్రాంతి సీజన్ అయిన వెంటనే మొదటిసారి వచ్చింది. మూత్రానికి వెళ్తే మంట, పొత్తికడుపులో గుంజినట్టు నొప్పి, వెళ్ళొచ్చి కూర్చునే లోపే మళ్ళీ వెళ్ళాలనిపించడం, తీరా వెళ్తే నాలుగు చుక్కలు. మందుల షాపులో చెబితే కొన్ని మాత్రలు, మంట తగ్గడానికని ఒక సిరప్ ఇచ్చారు. తగ్గింది. ఉగాదికి మళ్ళీ అదే, మళ్ళీ అవే మాత్రలు. ఇప్పుడు ఇంకోసారి మొదలైంది, ఈసారి ఆ మాత్రలకి లొంగడం లేదు, నిన్న రాత్రి మూత్రం కొంచెం ఎర్రగా కూడా వచ్చింది. టెన్షన్‌గా ఉంది.

అత్తయ్యగారు వేడి చేసిందంటారు, కోడి మాంసం మానేసి సబ్జా నీళ్ళు తాగమంటారు. మా ఆయన ఏమో గూగుల్ చూసి కిడ్నీ అంటున్నారు. ఇంకో సంగతి, షాపులో బాత్రూమ్ మూడో అంతస్తులో స్టాక్ రూమ్ పక్కన ఉంటుంది, కౌంటర్ వదిలి వెళ్తే ఫ్లోర్ మేనేజర్ గడియారం చూస్తాడు, అందుకని నేను నీళ్ళే తక్కువ తాగుతాను. అది కూడా కారణమా? డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటే ఎవరి దగ్గరికి, లేడీ డాక్టరా, యూరాలజిస్టా?

పెరటి తులసి

తల్లీ, భయపడకు, ఇది ఆడపిల్లలందరికీ వచ్చేదే. బార్లీ గింజలు గుప్పెడు నానబెట్టి బాగా ఉడికించి, ఆ నీళ్ళు వడకట్టుకుని కాస్త ఉప్పు, నిమ్మరసం వేసుకుని రోజంతా తాగు. పల్చటి మజ్జిగ, కొబ్బరి నీళ్ళు. పచ్చళ్ళు, మసాలాలు కొన్నాళ్ళు పక్కన పెట్టు. మా ఇంట్లో ముగ్గురు కోడళ్ళకీ ఇదే చెప్పాను. ఆ ఇంగ్లీషు మాత్రలు ఎక్కువ వాడితే ఉన్న వేడికి ఇంకా వేడి.

డ్యూటీ డాక్టర్

ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్‌లో పనిచేస్తాను. ఇక్కడ మందు రాయను, చూడకుండా రాయకూడదు కూడా, కానీ మీరు అడిగిన దాంట్లో తేల్చి చెప్పగలిగినవి ఉన్నాయి.

మొదట కిడ్నీ సంగతి. మీరు చెప్పినవన్నీ మూత్రాశయం లక్షణాలు: మంట, ఊరికే వెళ్ళాలనిపించడం, చుక్కలు చుక్కలుగా రావడం, పొత్తికడుపు నొప్పి. మూత్రాశయం లోపలి పొర వాచినప్పుడు కొంచెం రక్తం పడటం కూడా మామూలే, అది చూసి కిడ్నీ పోయిందనుకోవక్కర్లేదు. కిడ్నీకి ఎక్కితే కథ వేరేగా ఉంటుంది, వణుకుతో చలిజ్వరం, వెనక పక్కటెముకల కింద డొక్కలో ఒకవైపు నొప్పి, వాంతులు. వీటిలో ఏది వచ్చినా రేపు చూద్దాం అనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, ఎందుకంటే అక్కడి నుంచి క్రిములు రక్తంలోకి పాకితే ప్రాణం మీదికి వస్తుంది. గర్భంతో ఉన్నవాళ్ళయితే మంట ఒక్కటి ఉన్నా ఆగకూడదు. మీకు నెల తప్పిందేమో చూసుకోండి ముందు, దాన్నిబట్టి మందు మారుతుంది.

రెండోది, ఎందుకొస్తుంది. ఎక్కువమందిలో దీనికి కారణం ఈ కోలై (E. coli) అనే బ్యాక్టీరియా. అది బయటెక్కడి నుంచో రాదు, మన పేగుల్లోనే ఉంటుంది. మలద్వారం దగ్గర నుంచి ముందుకు చేరి మూత్రనాళం గుండా పైకి వెళ్తుంది. ఆడవాళ్ళలో ఆ నాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే, మగవాళ్ళలో 20 దాకా ఉంటుంది, అందుకే ఆడవాళ్ళకి ఇంత తరచుగా వస్తుంది. ఇందులో మీ శుభ్రత లోపమేమీ లేదు, రోజుకి రెండుసార్లు స్నానం చేసేవాళ్ళకీ వస్తుంది. కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి, అంతే. సెంటు సబ్బులు, ఇంటిమేట్ వాష్‌లు, డెట్టాల్ నీళ్ళు వద్దు, అక్కడుండే మంచి బ్యాక్టీరియా పోతే ఈ కోలైకి దారి ఇంకా సులువవుతుంది.

మన ఇళ్ళల్లో ఎవరూ నోరు విప్పి చెప్పని విషయం ఒకటుంది. భార్యాభర్తలు కలిసిన తర్వాత ఒకటి రెండు రోజుల్లో ఇది మొదలవడం చాలా మామూలు. అది ఎవరి తప్పూ కాదు, సుఖవ్యాధీ కాదు, ఆ రాపిడికి ఉన్న క్రిములే నాళంలోకి జరుగుతాయి. కలిసిన తర్వాత వెంటనే మూత్రానికి వెళ్ళడం అలవాటు చేసుకోండి. మీకు ప్రతిసారీ అలాగే వస్తోందా గమనించి, వెళ్ళినప్పుడు డాక్టర్‌కి సిగ్గుపడకుండా చెప్పండి, దానికి వేరే పద్ధతిలో మందు ఇస్తారు.

అసలు నాకు ఆందోళనగా ఉన్నది ఆ మాత్రలే. స్ట్రిప్ ఉంటే పేరు రాయండి. ఆరు నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ వస్తే దాన్ని తిరగబెట్టే ఇన్ఫెక్షన్ అంటాం, మీరు ఆ లెక్కలోకి వచ్చేశారు. కాబట్టి ఈసారి కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే యూరిన్ కల్చర్ జరగాలి, అంటే మూత్రంలోని బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి అది ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష. ఎవరి దగ్గరికి అన్నారు కదా, ముందు మామూలు ఫిజీషియన్ చాలు, గైనకాలజిస్టైనా పర్వాలేదు. తిరగబెడుతోంది కాబట్టి రాళ్ళున్నాయా, మూత్రం పోశాక లోపల ఎంత మిగులుతోంది అని ఒక అల్ట్రాసౌండ్ తీయిస్తారు. అందులో తేడా ఉంటే, లేదా ఇన్ఫెక్షన్ తగ్గాక కూడా రక్తం పడుతుంటే అప్పుడు యూరాలజిస్టు.

ఇంకో ప్రశ్న మీరే వేసుకోండి, మంట లోపలా, బయట చర్మం మీదా? దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట ఉండి, మూత్రం తగిలినప్పుడు బయట మండుతుంటే అది ఫంగస్ అయ్యుండొచ్చు. దానికి యాంటీబయాటిక్ వాడితే తగ్గకపోగా పెరుగుతుంది.

చీరల కౌంటర్ (విజయవాడ)

ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్ అండి. మంట లోపలే, దురద లేదు. నెల తప్పలేదు. జ్వరం ఇప్పటికి లేదు. స్ట్రిప్ దొరికింది, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ అని రెండూ కలిపి ఉంది. రెండోసారి మూడు రోజులు వేసుకుని మంట తగ్గగానే ఆపేశాను, షాపతను అలాగే చెప్పాడు.

మైక్రోస్కోపు

ఆ కాంబినేషన్ మందుల షాపుల్లో విరేచనాలకి కూడా ఇదే, మూత్రంలో మంటకీ ఇదే. అందులో ఆర్నిడజోల్ అనేది అమీబా లాంటి వాటికీ, గాలి లేని చోట పెరిగే బ్యాక్టీరియాకీ పనిచేస్తుంది, ఈ కోలైని అది ఏమీ చేయదు. మిగిలింది ఆఫ్లాక్సాసిన్. అది కూడా సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబమే. మన దేశంలో ఆసుపత్రుల నుంచి వచ్చే ఈ కోలైలో సగానికి పైగా ఈ కుటుంబం మందులకి లొంగడం లేదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఏటా ఇచ్చే నివేదికల్లో ఉంటుంది, మా టేబుల్ మీద కూడా రోజూ అదే చూస్తాం. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉందా చూడండి, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని దానర్థం, 2016లో కేంద్రం దాని మీద ప్రచారం కూడా చేసింది. ఎవరు పట్టించుకున్నారు?

నేను ల్యాబ్‌లో చేస్తాను, డాక్టర్‌గారు కల్చర్ చేయించమన్నారు కానీ శాంపిల్ ఎలా ఇవ్వాలో ఎవరూ చెప్పరు, మా దగ్గరికి వచ్చేవాటిలో చాలా వాటికి మిక్స్‌డ్ గ్రోత్ అని రిపోర్టు ఇవ్వాల్సి వస్తుంది, అంటే చర్మం మీది బ్యాక్టీరియా అంతా కలిసిపోయి అసలు దొంగ ఎవరో తెలియలేదని, డబ్బు దండగ. కాబట్టి ఇలా చేయండి. ల్యాబ్ ఇచ్చే స్టెరైల్ డబ్బానే వాడాలి, ఇంట్లో కడిగిన సీసా పనికిరాదు. చేతులు కడుక్కుని, కింద మామూలు నీళ్ళతో ముందు నుంచి వెనక్కి కడుక్కుని తుడుచుకోండి. మొదట వచ్చే మూత్రం వదిలేయండి, మధ్యలో వచ్చేది డబ్బాలో పట్టండి, చివరిది మళ్ళీ వదిలేయండి. డబ్బా అంచు ఒంటికి తగలకూడదు, మూత లోపలి వైపు వేలు పెట్టకూడదు. సగం డబ్బా నిండితే ఎక్కువే. ల్యాబ్‌లోనే ఇస్తే మంచిది. ఇంటి దగ్గర పట్టి గంటలు గంటలు బ్యాగులో పెట్టుకుని వస్తే, అందులో మే నెల ఎండకి, దారిలోనే బ్యాక్టీరియా పెరిగి లేని ఇన్ఫెక్షన్ ఉన్నట్టు వస్తుంది. గంటలోపు ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టి తీసుకురండి. నెలసరిలో ఉంటే ముందే చెప్పండి.

రిపోర్టులు రెండు. సీయూఈ అనేది, అంటే మూత్రం మామూలు పరీక్ష, అదే రోజు వస్తుంది, అందులో పస్ సెల్స్ (చీము కణాలు) అయిదు లోపుంటే మామూలు, ప్లెంటీ అని రాస్తే చీము బాగా ఉన్నట్టు. ఎపితీలియల్ సెల్స్ (పైపొర నుంచి రాలే కణాలు) కూడా బోలెడు ఉంటే శాంపిల్ సరిగ్గా పట్టలేదని అనుమానించాలి. కల్చర్‌కి రెండు మూడు రోజులు పడుతుంది, బ్యాక్టీరియా పెరగాలి కదా, తొందరపెట్టినా పెరగదు. అందులో మందుల పేర్ల ఎదురుగా ఎస్ ఉంటే పనిచేస్తుంది, ఆర్ ఉంటే చేయదు. అయితే ఎస్ ఉన్నవాటిలో మీకు నచ్చింది కొనుక్కోవద్దు, ఏది మూత్రాశయానికి, ఏది కిడ్నీకి అనేది డాక్టర్ చూసుకుంటారు.

ఖర్చు సమస్యయితే, మెడికల్ కాలేజీ ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో మైక్రోబయాలజీ విభాగం ఉంటుంది, అక్కడ అడగండి.

పెరటి తులసి

నాయనా, మేమూ నీళ్ళు తాగమనే కదా చెప్పింది. ల్యాబులూ మైక్రోస్కోపులూ లేనప్పుడు జనం బతకలేదా?

డ్యూటీ డాక్టర్

పిన్నిగారూ, మీ బార్లీ నీళ్ళకి నేను అడ్డు చెప్పను. ఎండాకాలం ఒంట్లో నీరు తగ్గి మూత్రం చిక్కబడితే ఇన్ఫెక్షన్ లేకపోయినా మండుతుంది, అప్పుడు మజ్జిగ, కొబ్బరి నీళ్ళతో హాయిగా తగ్గుతుంది, వేడి అని మీరనేది చాలాసార్లు అదే. నీళ్ళ మీద పరిశోధన కూడా జరిగింది, తరచుగా ఇన్ఫెక్షన్ వచ్చే, నీళ్ళు తక్కువ తాగే 140 మంది ఆడవాళ్ళలో సగం మందికి రోజూ తాగేదానికి అదనంగా లీటరున్నర తాగిస్తే, ఏడాదిలో సగటున 1.7 సార్లు వచ్చింది, తాగని వాళ్ళకి 3.2 సార్లు. 2018లో వచ్చిన ఫలితం అది. అయితే రాకుండా ఆపడానికి నీళ్ళు, వచ్చి కూర్చున్నాక మూడోసారి, రక్తంతో సహా వచ్చాక బార్లీ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆలస్యం అవుతుంది. బతకలేదా అన్నారు, కిడ్నీకి ఎక్కి చలిజ్వరంతో పోయినవాళ్ళని అప్పట్లో విషజ్వరం అనుకునేవాళ్ళు.

గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉండి నీళ్ళు కొలిచి తాగమన్నవాళ్ళు మాత్రం ఈ లీటరున్నర లెక్క పాటించొద్దు.

రైట్ రైట్ (కరీంనగర్)

నేను బస్సు కండక్టర్‌ని. ఆ బాత్రూమ్ మాట చదివి ఆగలేక రాస్తున్నా. నీళ్ళు తాగమని అందరూ చెప్తరు, తాగితే ఎక్కడికి పోవాలె అనేది ఎవ్వరూ చెప్పరు. ట్రిప్పు మధ్యలో బస్సు ఆపలేం, బస్టాండ్‌లో ఉన్నదాంట్లోకి కొన్నిచోట్ల కాలు పెట్టలేం. మా డిపోలో ఆడవాళ్ళం సగం మంది డ్యూటీ ఎక్కేముందు గొంతు తడుపుకోవడమే. టీచర్లు, పొలం కూలీలు, బందోబస్తులో నిలబడే లేడీ కానిస్టేబుళ్ళు, అందరిదీ ఇదే కథ. చెల్లెమ్మా, నువ్వొక్కదానివే అడిగితే ఆ మేనేజర్ మొహం మాడ్చుకుంటడు, కౌంటర్లల్ల ఉన్న ఆడపిల్లలందరూ కలిసి పోయి ఓనర్‌నే అడగండి, రెండు గంటలకి ఒకసారి ఒకరి కౌంటర్ ఒకరు చూసుకుంటమని చెప్పండి. పక్కన కేరళలో 2018లో షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు చట్టంలో పెట్టించుకున్నరు, తమిళనాడులో 2021లో వచ్చింది. కేరళలో ఆ కొట్లాట మొదలుపెట్టింది బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళే, బాత్రూమ్‌కి పోనియ్యకపోవడం కూడా అందులో ఉండె.

నేనైతే ట్రిప్పుల మధ్యల గ్యాప్ చూసుకుని ఆ టైంలోనే నీళ్ళు ఎక్కువ తాగుత, డ్యూటీ దిగినంక ఇంకో లీటరు. ఆపుకోవడం మాత్రం మానేసిన.

నిజామాబాద్ పసుపు

థ్రెడ్ మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా అమ్మకి 66, షుగర్ ఉంది. చెకప్‌కి తీసుకెళ్తే యూరిన్‌లో పస్ సెల్స్ 15 అని వచ్చింది, కల్చర్‌లో ఈ కోలై. ఆమెకి మంట లేదు, జ్వరం లేదు, ఏమీ లేదు. ల్యాబ్ దగ్గరే ఒకాయన ఇంజెక్షన్లు వేయించాలంటున్నాడు. ఇంకోటి, ఈ మధ్య షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్ అని కొత్త మాత్ర కలిపారు, అప్పటి నుంచి కింద దురద అంటోంది. రెండిటికీ సంబంధం ఉందా? మగవాళ్ళకి కూడా వస్తుందా ఇది, నాన్నకి రాత్రి నాలుగైదుసార్లు లేవడం ఉంది.

డ్యూటీ డాక్టర్

మంచి ప్రశ్న, ఇక్కడే ఎక్కువ యాంటీబయాటిక్‌లు అనవసరంగా ఖర్చవుతాయి. పెద్ద వయసు ఆడవాళ్ళలో, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళలో, మూత్రంలో బ్యాక్టీరియా ఊరికే కాపురం ఉండటం చాలా మామూలు. లక్షణాలు లేకపోతే దానికి వైద్యం చేయకూడదు, షుగర్ ఉన్నా సరే. చేస్తే లాభం లేదు, తర్వాత నిజంగా ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు మందులు పనిచేయకుండా పోతాయి. దీనికి మినహాయింపు గర్భిణులు, మూత్రనాళంలో ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్ళు. అమ్మగారికి రిపోర్టు చూసి కాదు, మనిషిని చూసి వైద్యం చేయమని అడగండి.

దురద విషయంలో సంబంధం ఉండే అవకాశం ఎక్కువ. ఆ మాత్ర చక్కెరని మూత్రంలోకి తోసేసి షుగర్ తగ్గిస్తుంది, ఆ చక్కెరకి కింద ఫంగస్ పెరుగుతుంది. రాసిన డాక్టర్‌కి చెప్పండి, ఫంగస్‌కి పూత మందో మాత్రో ఇస్తారు. మీ అంతట మీరు ఆపేయొద్దు, గుండెకీ కిడ్నీకీ అది మేలు చేసే మందు. నెలసరి ఆగిపోయిన వయసులో మంటతో సహా ఇన్ఫెక్షన్ తరచుగా వస్తే మాత్రం ఈస్ట్రోజన్ క్రీమ్ అని ఒకటి ఉంది, లోపల రాసుకునేది, బాగా పనిచేస్తుంది, మన దగ్గర ఎందుకో దాన్ని అడిగేవాళ్ళూ తక్కువ, రాసేవాళ్ళూ తక్కువ.

మగవాళ్ళకీ వస్తుంది. యాభై దాటాక మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం పూర్తిగా బయటికి రాక నిలవ ఉండటం ఒక కారణం. నాన్నగారు రాత్రి అన్నిసార్లు లేస్తున్నారంటే షుగరూ, ప్రొస్టేటూ రెండూ చూపించండి. మగవాళ్ళలో మూత్రంలో మంటకి మందుల షాపు వైద్యం అస్సలు వద్దు.

చీరల కౌంటర్ (విజయవాడ)

అప్‌డేట్ ఇస్తున్నాను. ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళాను, లేడీ డాక్టరే. శాంపిల్ మైక్రోస్కోపు గారు చెప్పినట్టే ల్యాబ్‌లో ఇచ్చాను. కల్చర్‌లో ఈ కోలై వచ్చింది, బ్యాక్టీరియా లెక్క లక్షకి పైగా. ఆఫ్లాక్సాసిన్ ఎదురుగా ఆర్, నార్‌ఫ్లాక్సాసిన్ ఆర్, నైట్రోఫ్యూరాంటాయిన్ ఎస్, ఫాస్ఫోమైసిన్ ఎస్. స్కాన్‌లో రాళ్ళు లేవు. నైట్రోఫ్యూరాంటాయిన్ అయిదు రోజులకి రాశారు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. రెండో రోజుకే మంట చాలా తగ్గింది, రక్తం ఆగింది. కానీ మూత్రం ముదురు పసుపు, దాదాపు గోధుమ రంగులో వస్తోంది, వికారంగా కూడా ఉంది. పాత సిరప్ ఇంట్లో సగం ఉంది, తాగొచ్చా? కోర్సు అయ్యాక మళ్ళీ కల్చర్ చేయించాలా? క్రాన్‌బెర్రీ జ్యూస్ తాగమని ఇంకెవరో అన్నారు, ఇక్కడ సూపర్‌మార్కెట్‌లో డబ్బా రేటు చూసి వచ్చేశాను.

షాపులో నలుగురం కలిసి అడిగాం అక్కా. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఓనర్ వాళ్ళు వాడే బాత్రూమ్ మధ్యాహ్నం తర్వాత మాకు వాడుకోమన్నారు. తాళం క్యాషియర్ దగ్గర ఉంటుంది, అదొక్కటే చిరాకు.

రైట్ రైట్ (కరీంనగర్)

సబాష్. తాళం చెవికి ఇంకోటి చేయించమనండి, యాభై రూపాయల పని.

డ్యూటీ డాక్టర్

రంగు మందుదే, భయం లేదు, ఆపగానే పోతుంది. వికారం పరగడుపున వేసుకుంటే ఎక్కువగా ఉంటుంది, కడుపు నిండా తిన్నాక వేసుకోండి. ఆ సిరప్ ఇప్పుడు వద్దు, అలాంటివి మూత్రంలో ఆమ్ల గుణాన్ని తగ్గిస్తాయి, ఈ మాత్ర ఆమ్లం ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది. దగ్గు, ఆయాసం గానీ ఒంటి మీద దద్దుర్లు గానీ వస్తే ఆపేసి వెంటనే డాక్టర్‌కి చెప్పండి. ఇది మూత్రాశయం వరకే, కిడ్నీలో సరిపడా చేరదు, కాబట్టి మధ్యలో జ్వరం వస్తే ఇదే వాడుతూ కూర్చోవద్దు. మంట పూర్తిగా తగ్గినా అయిదు రోజులూ వేసుకోండి. తగ్గిపోతే మళ్ళీ కల్చర్ అక్కర్లేదు.

క్రాన్‌బెర్రీ తరచుగా వచ్చేవాళ్ళలో కొంతవరకు రాకుండా ఆపుతుంది, 2023లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో (అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసేది) అదే తేలింది, అయితే వచ్చాక తగ్గించదు. ఆ డబ్బాల్లో చక్కెర ఎక్కువ కూడా. కొనక్కర్లేదు, మీ అత్తయ్యగారి సబ్జా నీళ్ళు తాగండి.

పెరటి తులసి

చూశావా తల్లీ, చివరికి సబ్జా దగ్గరికే వచ్చారు డాక్టర్‌గారు.